ఇంట్లో విమానం కట్టిన లిలియన్ బ్లాండ్

విమానం అనగానే అందరూ రైట్ సోదరుల పేరు చెప్తారు. లిలియన్ బ్లాండ్ పేరు ఎక్కువమంది చెప్పరు. తన విమానాన్ని తానే గీసి, తానే కట్టి, తానే ఎగరేసిన మొదటి స్త్రీ ఈమేనని చాలామంది అంటారు. అందుకని ఈసారి గోడ పత్రికలో ఈమె గురించి రాస్తున్నాను.

లిలియన్ 1878 సెప్టెంబరు 28న ఇంగ్లండులో మెయిడ్‌స్టోన్ దగ్గర జన్మించింది. పెద్దయ్యాక తండ్రితో కలిసి ఐర్లండుకు వచ్చి, బెల్‌ఫాస్ట్ పట్నానికి దగ్గరలో కార్న్‌మనీ అనే ఊళ్ళో వాళ్ళ అత్త ఇంట్లో ఉండేది. ఆ అత్త భర్త ఒక సైన్యాధికారి, అప్పటికే చనిపోయాడు. ఆయన పనిముట్ల కొట్టు ఆ ఇంట్లో అలాగే ఉంది. ఈ కొట్టు సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆ రోజుల్లో అక్కడి పెద్దింటి ఆడవాళ్ళు గుర్రం ఎక్కితే రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసుకొని కూచోవాలి. ఈమె మగవాళ్ళలాగ రెండు పక్కలా కాళ్ళేసి తోలేది. ప్యాంటు తొడిగేది. జుజుత్సు అనే జపాను కుస్తీ నేర్చుకుంది. సిగరెట్లు కూడా తాగేది, అది మాత్రం మనకొద్దు. ఫొటోలు తీసి, వార్తలు రాసి లండను పత్రికలకు పంపేది. సముద్రపు పక్షుల ఫొటోలు తీసేటప్పుడు అవి రెక్కలు ఆడించకుండానే గాలిలో ఎలా నిలబడుతున్నాయో చూస్తూ ఉండిపోయేదట.

1909 జూలైలో బ్లేరియో అనే ఫ్రాన్సు దేశస్థుడు ఇంగ్లిషు ఛానలును విమానంలో దాటాడు. తర్వాత లిలియన్‌కు బాబాయి వరసయ్యే రాబర్టు పారిస్ నుంచి ఆ విమానం బొమ్మ ఉన్న కార్డు పంపాడు. అంతే, ఆమెకు వేరే ధ్యాస లేదు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అనే ఊళ్ళో విమానాల పోటీ జరిగితే పోయింది. మిగతావాళ్ళు ఎగిరేవాటిని చూస్తుంటే ఈమె నేల మీద ఉన్న విమానాల కొలతలు రాసుకుంది. ఇంటికొచ్చి మొదట ఆరడుగుల రెక్కల బొమ్మ విమానం చేసి గాలిపటంలా ఎగరేసింది. అది ఎగిరింది. ఇక పెద్దది మొదలుపెట్టింది.

పనంతా ఆ కొట్టులోనే. స్ప్రూస్, ఆష్, ఎల్మ్ అనే చల్లటి దేశాల కర్రలు వాడింది. వెదురు కూడా వాడింది. ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. వెదురు తేలిక, వంగుతుంది గాని విరగదు. ఈ సంగతి మన తాతలకు ఎవరూ చెప్పనక్కర లేదు. రెక్కలకు కోరా గుడ్డ కట్టింది. గుడ్డ వానకు తడవకుండా జిలటిన్, ఫార్మలిన్ కలిపి పూసింది. సైన్సు గదిలో సీసాల్లో కప్పను వేసి ఉంచే మందే ఫార్మలిన్. తిప్పడానికి సైకిలు హ్యాండిలు పెట్టింది. రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 27 అడుగుల పైనే. పేరు మేఫ్లై. అది ఒక పురుగు పేరు. ఇంగ్లిషులో విడదీస్తే ఎగరవచ్చు అని అర్థం. ఎగరకపోనూ వచ్చు అని ఆమే తన విమానాన్ని ఎగతాళి చేసేది.

ఇంజను కొనేముందు రెక్కలు బరువు మోస్తాయా లేదా తెలియాలి గదా. అందుకని విమానాన్ని కార్న్‌మనీ కొండ మీదికి తీసుకుపోయారు. ఆరడుగుల పోలీసులు నలుగురు, అత్త తోటలో పనిచేసే కుర్రవాడు జో బ్లెయిన్, ఐదుగురూ పట్టుకున్నారు. గాలి వీచింది. విమానం ఐదుగురితో సహా లేచింది! పోలీసులు భయపడి వదిలేశారు. జో మాత్రం వదల్లేదు, పట్టుకొని కిందికి దింపాడు. ఈ జో బ్లెయిన్ లేకపోతే ఈ కథ సగంలోనే ఆగిపోయేది అని నేననుకుంటాను. అంతమందిని లేపింది కాబట్టి ఒక ఇంజనునూ ఒక మనిషినీ మోస్తుందని తేలింది.

ఇక ఇంజను సంగతి. అప్పుడు అందరూ గొప్పగా చెప్పుకునే ఇంజను నోమ్ అని పారిస్‌లో చేసేవాళ్ళు. దాన్ని రోటరీ ఇంజను అంటారు. మామూలు ఇంజనులో సిలిండర్లు కదలవు, లోపలి ఇరుసు తిరుగుతుంది. రోటరీలో ఇరుసు కదలదు, సిలిండర్లే ప్రొపెల్లరుతో కలిసి గిర్రున తిరుగుతాయి. అలా తిరిగేసరికి వాటికి గాలి తగిలి చల్లబడతాయి, నీళ్ళు అక్కరలేదు. దానికి నూనె ఏది పోసేవాళ్ళో తెలుసా? ఆముదం! ఆముదం పెట్రోలులో కరగదు, అందుకని పనికొచ్చేది. పొగతో పాటు ఆ ఆముదం నడిపేవాళ్ళ ముఖం మీద పడేది. కానీ నోమ్ ఇంజను ఖరీదు చాలా ఎక్కువ. లిలియన్ మాంచెస్టరులో ఏ.వి.రో అనే ఆయన కంపెనీకి రాసి, 100 పౌండ్లకు 20 హార్స్‌పవరు చిన్న ఇంజను చేయించుకుంది. ఇది రోటరీ కాదు, టూ స్ట్రోకు ఇంజను. 20 హార్స్‌పవరు అంటే చేలకు నీళ్ళు తోడే 5 హార్స్‌పవరు మోటార్లు నాలుగు.

ఇంజను చెప్పిన రోజుకు రాలేదు. నెలలు గడిచాయి. చివరకు 1910 జూలైలో లిలియనే పోయి, ఇంజనును పక్కన పెట్టుకొని రైల్లో, ఓడలో ఇంటికి తెచ్చుకుంది. అందరిలా బట్టల పెట్టె తేలేదు, ఇంజను తెచ్చింది!

ఇంజను బిగించారు. చూస్తే పెట్రోలు ట్యాంకు ఇంకా రాలేదు. ఇంకొకరైతే ట్యాంకు వచ్చిందాకా ఊరుకుంటారు. అన్ని నెలలు ఆగిన మనిషి ఇంకా ఎక్కడ ఆగుతుంది? ఇంట్లో ఒక ఖాళీ విస్కీ సీసా దొరికింది. (వార్డెన్ మేడం కోప్పడకండి, ఖాళీదే.) అత్తకు చెవుడు. అప్పట్లో చెవిటివాళ్ళు బూర లాంటి గొట్టం చెవిలో పెట్టుకొని వినేవాళ్ళు. ఒక వైపు సన్నం, ఒక వైపు వెడల్పు, అచ్చం మన గరాటు. ఆ గొట్టం కూడా తెచ్చారు. సీసాలో పెట్రోలు, అత్త చెవి గొట్టంలోంచి ఇంజనులోకి. అత్త ఆ పూట ఎవరి మాటా వినలేదేమో!

ఇది నవ్వులాట పని కాదు. గాజు సీసా, పెట్రోలు, పక్కనే నిప్పు పుట్టించే ఇంజను. పైగా ఆ రోజుల్లో ఇంజను పట్టాలంటే ప్రొపెల్లరును చేత్తో లాగి తిప్పాలి. పట్టగానే చెయ్యి వెనక్కి తీయకపోతే చెయ్యి ఉండదు. ఇంజను పట్టింది. పట్టి విమానాన్నంతా ఊపేసింది. ఆ అదురుకు నట్లు వదులయ్యాయి. అన్నీ మళ్ళీ బిగించుకోవాల్సి వచ్చింది. కొండ మీద గాలికి ఊగడం వేరు, ఇంజను అదురుడు వేరు అని ఆ రోజు తెలిసింది.

కార్న్‌మనీలో పరుగెత్తించడానికి చోటు చాలలేదు. రాండల్స్‌టౌన్‌లో ఓనీల్ ప్రభువు 800 ఎకరాల తోట వాడుకొమ్మని ఇచ్చాడు. అందులో ఒక ఆంబోతు కూడా తిరుగుతుండేది. గాలి, వాన వల్ల ఐదు వారాలు కాచుకొని ఉన్నారు. 1910 ఆగస్టు 31న మేఫ్లై గడ్డి మీద పరుగెత్తి నేల వదిలింది. దిగాక లిలియన్‌కే నమ్మకం కుదరలేదు. వెనక్కి పరుగెత్తి గడ్డిలో చక్రాల జాడ చూసింది. జాడ ఒకచోట ఆగిపోయి, కొంత దూరం లేకుండా, మళ్ళీ మొదలైంది. అడవిలో జంతువు అడుగు చూసి ఎటు పోయిందో చెప్పేవాళ్ళకు ఆ ఆనందం బాగా తెలుస్తుంది. తర్వాత ముప్పై అడుగుల ఎత్తున పావు మైలు దాకా పోయిందని అంటారు.

వాళ్ళ నాన్నకు మాత్రం ఇది ఇష్టం లేదు. కూతురు పడి చనిపోతుందని భయం. ఎగరడం మానేస్తే కారు కొనిస్తానన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఇక్కడ నాకు కోపం వచ్చింది. కానీ ఇంకో సంగతి ఉంది. ఆ చట్రం 20 హార్స్‌పవరుకు మించిన ఇంజనును తట్టుకోలేదు. ఇంకా పోవాలంటే పెద్ద ఇంజను, పెద్ద విమానం, మళ్ళీ డబ్బు కావాలి. అది ఆమెకు అందరికన్నా బాగా తెలుసు. నాన్న ఆపినందుకు ఆగిందా, తెలిసి ఆగిందా అంటే నేను రెండోదే అంటాను. మన క్లాసులో కొందరు ఒప్పుకోరు. ఇంజను అమ్మేసింది, చట్రాన్ని డబ్లిన్‌లో ఒక క్లబ్బుకు ఇచ్చేసింది. కారు వచ్చాక ఊరికే కూచోలేదు. 1911లో బెల్‌ఫాస్టులో ఫోర్డు కార్లు అమ్మే ఏజెంటు అయింది.

ఆ సంవత్సరమే చార్లెస్ బ్లాండ్ అనే బంధువును పెళ్ళి చేసుకొని, 1912లో కెనడాలో వాంకూవర్ దీవికి పోయింది. అక్కడ అడవి కొట్టి వ్యవసాయం చేశారు. ఒక్కతే కూతురు, పేరు ప్యాట్రిషియా. 1929లో పదహారేళ్ళకే ధనుర్వాతంతో చనిపోయింది. 1935లో లిలియన్ ఇంగ్లండుకు తిరిగి వచ్చి తోట పని చేసుకొని బతికింది. చివరకు సముద్రం ఒడ్డున సెన్నెన్ అనే ఊళ్ళో ఉండి, 1971 మే 11న 92 ఏళ్ళ వయసులో చనిపోయింది. కార్న్‌మనీ పక్కన గ్లెన్‌గార్మ్‌లీలో ఆమె పేరు మీద ఒక పార్కు ఉంది. అందులో ఉక్కుతో చేసిన మేఫ్లై బొమ్మ ఉంది.