లిల్లీ పార్

బలమును వేగమును చూపవలసిన ఆటలు పురుషులకే తగునని లోకము చిరకాలము తలచెను. ఆ తలపు తప్పని తన ఆటచేతనే నిరూపించిన వనిత లిల్లీ పార్.

ఆమె 1905వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన ఇంగ్లండు దేశమునందలి సెయింట్ హెలెన్స్ పట్టణమున ఒక శ్రామిక కుటుంబమున జన్మించెను. బాల్యమునుండియు సోదరులతోగూడి ఫుట్‌బాల్ ఆడుచు పెరిగెను. ఆమె ఎడమకాలితో తన్నిన బంతిని ఆపుట ఎంతటివారికైనను కష్టముగా నుండెడిది.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున పురుషులు రణరంగమునకు పోగా, స్త్రీలు కర్మాగారములలో పనికి చేరిరి. ప్రెస్టన్ పట్టణమునందలి డిక్ కెర్ కర్మాగారపు స్త్రీలు ఒక ఫుట్‌బాల్ జట్టుగా ఏర్పడిరి. 1917లో క్రిస్మస్ దినమున, గాయపడిన సైనికుల సహాయార్థము వారు ఆడిన ఆటను పదివేలమంది చూచిరి. 1920లో లిల్లీ ఆ జట్టున చేరెను. అప్పటికామెకు సుమారు పదునైదేండ్లు. ఆ ఏటనే ఆ జట్టు ఫ్రాన్సు దేశపు స్త్రీలతో తలపడెను. స్త్రీల ఫుట్‌బాల్‌లో తొలి అంతర్జాతీయ పోటీలలో అవి లెక్కింపబడుచున్నవి.

1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్ నగరములోని గుడిసన్ పార్కున, లిల్లీ తాను మునుపు ఆడిన సెయింట్ హెలెన్స్ జట్టుకు ఎదురు నిలిచెను. యాబది మూడువేలమంది ప్రేక్షకులు మైదానమున నిండిరి. చోటు చాలక వేలమంది వెలుపలనే నిలిచిపోయిరి. డిక్ కెర్ జట్టు నాలుగు గోలులతో గెలిచెను. వచ్చిన ధనము మాజీ సైనికుల సహాయమునకు చేరెను.

ఇంతటి ఆదరణ కొందరికి రుచింపలేదు. ఫుట్‌బాల్ స్త్రీలకు తగదనియు, ధర్మకార్యములకని వసూలైన ధనములో అధికభాగము ఖర్చులకే పోవుచున్నదనియు చెప్పి, 1921 డిసెంబరు 5వ తేదీన ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము తన సభ్యసంఘముల మైదానములను స్త్రీలకు మూసివేసెను. లిల్లీకి అప్పుడు పదునారేండ్లు మాత్రమే.

పెద్ద మైదానములు దొరకకున్నను ఆమె ఆట మానలేదు. 1922లో తన జట్టుతో అమెరికాకేగి పురుషుల జట్లతోనే ఆడెను. స్వదేశమున చిన్న మైదానములలోను, ఉద్యానవనములలోను ఆట సాగించెను. ప్రెస్టన్ సమీపమునందలి విటింగ్‌హామ్ మానసిక వైద్యశాలలో నర్సుగా రోగులకు సేవచేయుచు, తీరిక వేళల జట్టుతో ఆడుచుండెను. ఇట్లు ముప్పదియేండ్లు ఆడి 1951లో విరమించెను.

సుమారు ఏబదియేండ్ల తరువాత, 1971లో ఆ నిషేధము తొలగెను. 1972లో ఇంగ్లండు స్త్రీల జట్టు స్కాట్లండుతో తన మొదటి అధికారిక పోటీ ఆడెను. ఆ దినములు చూచిన పిమ్మట 1978 మే 24వ తేదీన లిల్లీ పరమపదించెను.

1991లో చైనా దేశమున పండ్రెండు దేశముల జట్లతో స్త్రీల ప్రపంచ కప్పు పోటీలు ప్రారంభమయ్యెను. 2002లో ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రముఖుల శాలలో స్థానము పొందిన మొదటి స్త్రీ లిల్లీ పార్. 2019లో మాంచెస్టర్ నగరమునందలి ఫుట్‌బాల్ ప్రదర్శనశాలలో ఆమె విగ్రహము నెలకొల్పబడెను. 2022లో ఇంగ్లండు స్త్రీలు యూరోపు విజేతలైన దినమున వెంబ్లీ మైదానమునకు ఎనుబది యేడువేలకు పైగా జనులు వచ్చిరి.

ఆ వైభవమును చూచు భాగ్యము లిల్లీకి కలుగలేదు. అయినను మైదానములు మూయబడిన కాలమున ఆటను విడువక నిలిపిన ఆమె పట్టుదల, తరువాతి తరములవారికి మార్గమయ్యెను.