సెల్ మీద పేరున్న మనిషి: అలెస్సాండ్రో వోల్టా



టీవీ రిమోట్‌లోని సెల్ తీసి చూడండి. దాని మీద 1.5 వోల్టులు అని ఉంటుంది. ఆ ‘వోల్టు’ ఒక మనిషి పేరు.

అలెస్సాండ్రో వోల్టా 1745 ఫిబ్రవరి 18న ఉత్తర ఇటలీలోని కోమో పట్టణంలో పుట్టారు. నాలుగేళ్లు వచ్చేదాకా ఆయనకు మాటలు రాలేదని, ఇంట్లోవాళ్లు తెలివితక్కువ పిల్లవాడేమోనని బెంగపడ్డారని జీవితచరిత్రలు చెబుతాయి. చిన్నతనంలోనే తండ్రి పోయారు. అయినా చదువులో తోటివారిని అందుకుని దాటిపోయారు. తర్వాత పావియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు. మీ ఇంట్లో మాటలు ఆలస్యమైన పిల్లలుంటే డాక్టరుకు చూపించండి. మొద్దు అనే ముద్ర మాత్రం వేయకండి.

1791లో బొలోన్యాకు చెందిన లుయీజీ గాల్వానీ ఒక వింత సంగతి ప్రకటించారు. రెండు లోహాలు తగిలిస్తే చచ్చిన కప్ప కాలు అదిరింది. విద్యుత్తు కప్పలోనే ఉందన్నారాయన. వోల్టా ఒప్పుకోలేదు. వేర్వేరు లోహాలు కలిసినందువల్లే విద్యుత్తు పుట్టిందన్నారు. అన్నమాట నిరూపించడానికి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. చివరికి జింకు, వెండి బిళ్లల జతలను ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్య మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్కలు పెట్టారు. బిళ్లలు పెరిగేకొద్దీ బలం పెరిగింది. అలా 1800లో తొలి బ్యాటరీ లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది పారిస్‌లో నెపోలియన్ దాన్ని స్వయంగా చూశారు.

వోల్టా 1827లో కన్నుమూశారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ఆయన పేరునే కొలమానానికి పెట్టింది.

గాల్వానీ మాటలోనూ నిజముంది. మన నరాల కణాల్లోనూ వోల్టేజి ఉంటుంది. కాకపోతే అది సుమారు 70 మిల్లీవోల్టులే. వోల్టులో వెయ్యో వంతు మిల్లీవోల్టు, వెయ్యి వోల్టులు ఒక కిలోవోల్టు. పెద్ద కొలత నుంచి చిన్నదానికి వెయ్యితో గుణించాలి, చిన్నదాని నుంచి పెద్దదానికి వెయ్యితో భాగించాలి. అంటే 70 మిల్లీవోల్టులు 0.07 వోల్టు. సెల్‌లోని 1.5 వోల్టులు 1,500 మిల్లీవోల్టులు.

పరీక్షలో ఇక్కడ తప్పితే పోయేది మార్కే. వీధిలో అలా కాదు. ఇంట్లో కరెంటు 230 వోల్టులు, వీధిలో లైను 11 కేవీ. అంకెలు మాత్రమే చూసే పిల్లలకు 11 చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి అది 11,000 వోల్టులు, అంటే ఇంటి కరెంటుకు దాదాపు 48 రెట్లు. రైలు పైన తీగలో 25 కేవీ, అంటే 25,000 వోల్టులు. గాలిపటం తీగకు చిక్కితే వదిలేయాలని చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా వేయించండి. ఎందుకు వద్దన్నారో వాళ్లకే తెలుస్తుంది.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఇంట్లోని సెల్, ఛార్జర్, ఇన్వర్టర్ బ్యాటరీల మీద రాసిన వోల్టులు చదవండి. వాటిని మిల్లీవోల్టుల్లోకి, కిలోవోల్టుల్లోకి మార్చమనండి. దేన్నీ విప్పనక్కర్లేదు, పైన రాసింది చదివితే చాలు.