వేట విరామం వెనుక 150 ఏళ్ల కథ: చేపల లెక్క తీసిన ఆర్మీ డాక్టర్ ఫ్రాన్సిస్ డే.. చట్టం వచ్చేసరికి ఆయనే లేరు!

ఏటా ఏప్రిల్ 15 రాగానే ఆంధ్రప్రదేశ్ తీరంలో బోట్లు ఒడ్డుకు చేరతాయి. జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మర బోట్లకు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వాటిని వదిలేయాలన్నది రూల్. ఇది ఇప్పుడు అందరికీ అలవాటైన మాటే. కానీ చేపలకూ ఓ చట్టం కావాలని మన దేశంలో ఊరూరా వివరాలు సేకరించి మరీ ప్రభుత్వాన్ని అడిగిన మనిషి ఒకరున్నారు. ఆయన మత్స్యకారుడు కాదు. ఓ ఆర్మీ డాక్టర్. పేరు ఫ్రాన్సిస్ డే.

అక్వేరియంలలో కనిపించే ఎర్ర చార చేప మిస్ కేరళను చాలామంది చూసే ఉంటారు. దానికి 1865లో శాస్త్రీయ నామం పెట్టింది ఈయనే. అప్పటి మద్రాసు గవర్నర్ డెనిసన్ పేరు దానికి తగిలించారు. మన దేశపు చేపల శాస్త్రీయ పేర్లు చూస్తే చాలా వాటి చివర డే అనే చిన్న మాట ఉంటుంది. అది ఈయన ఇంటిపేరే.

డాక్టర్‌గా వచ్చి.. చేపల వెంట పడి

ఫ్రాన్సిస్ డే 1829లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో, మేర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టారు. లండన్‌లోని సెయింట్ జార్జ్ హాస్పిటల్లో వైద్యం చదివారు. 1852లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరారు. రెండో బర్మా యుద్ధంలోనూ పనిచేశారు. విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే 1852లో గోదావరిపై ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయింది. పదిహేనేళ్ల తర్వాత ఈ రెండు కథలూ ఒకే ఫైల్లోకి వస్తాయని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఆయన జీవితాన్ని మార్చింది కొచ్చిన్. అక్కడ డ్యూటీలో ఉండగా బ్యాక్‌వాటర్స్, చేపల మార్కెట్లు, వలలు చూస్తూ చూస్తూ చేపలపై ఇష్టం పెంచుకున్నారు. 1863లో కొచ్చిన్ చరిత్రపై ఓ పుస్తకం రాశారు. 1865లో మలబారు చేపలపై మరో పుస్తకం తెచ్చారు. ఆ పుస్తకంతో చేపల డాక్టర్‌గా పేరు వచ్చేసింది.

కాటన్ దొర లేవనెత్తిన ప్రశ్న

1867లో ఓ కీలక మలుపు. నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టల వల్ల తీరంలో చేపల సంపదకు నష్టం జరగొచ్చని లండన్‌లోని భారత వ్యవహారాల మంత్రి దృష్టికి ఒకరు తీసుకెళ్లారు. ఎవరో కాదు.. ఆర్థర్ కాటనే! గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ విగ్రహాలు పెట్టి దండలు వేసే అదే కాటన్ దొర. తాను కట్టిన ఆనకట్టలు పొలాలకు నీళ్లిచ్చాయి సరే, మరి సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే చేపల సంగతేంటి అన్నదే ప్రశ్న.

గోదావరి వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సముద్రంలో ఉన్నంతసేపు విలస అని పిలిచే చేప, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వస్తే పులస అవుతుంది. పుస్తెలమ్మైనా తినాలని సామెత పుట్టించిన చేప అది. గుడ్లు పెట్టడానికే అంత దూరం వస్తుంది. మధ్యలో ఆనకట్ట అడ్డం వస్తే అక్కడే ఆగిపోవాలి. ఆగిన చోట వలలు రెడీగా ఉంటాయి. గుడ్లతో ఉన్న తల్లి చేపే దొరికిపోతే మరుసటి ఏడాదికి పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి? కావేరి కిందనున్న కొల్లిడం ఆనకట్టల దగ్గరా, ఒడిశాలో మహానది దగ్గరా ఇదే సమస్య.

ఈ విషయం తేల్చే పని డే చేతికి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీతో మొదలుపెట్టి ఒడిశా, బెంగాల్, బర్మా.. ఇలా తిరిగారు. 1871లో ఆయన్ను భారతదేశ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వేశారు. ఇంటి దగ్గర మాత్రం కష్టకాలమే. 1869లో మొదటి భార్య చనిపోయారు. 1872లో మళ్లీ పెళ్లి చేసుకుంటే ఏడాది తిరిగేసరికి రెండో భార్య కూడా కన్నుమూశారు. అయినా పని ఆపలేదు.

తహసీల్దార్లకు ప్రశ్నలు.. వచ్చిన జవాబులు షాక్

డే చేసిన పని అప్పటికి కొత్తది. కలెక్టర్లకే కాదు, తహసీల్దార్లకూ ప్రశ్నల జాబితా వెళ్లింది. మీ దగ్గర చేపలు పట్టేదెవరు? వాళ్లకు అదే వృత్తా, లేక పొలం పని లేనప్పుడే పడతారా? మార్కెట్లో సరిపడా చేప దొరుకుతోందా? ధర ఎంత? వల కన్ను ఎంత సైజు? పిల్ల చేపల్ని పడుతున్నారా? ఇలాంటి ప్రశ్నలే అన్నీ. ఆఫీసులో కూర్చుని రాసిన అంచనా కాదన్నమాట, ఊళ్ల నుంచి తెప్పించిన లెక్క.

జవాబులు కళ్లు తెరిపించాయి. వల కన్ను ఎంత చిన్నదో చెప్పడానికి కొన్ని చోట్ల అధికారులు ధాన్యపు గింజలతో పోల్చారు. అంత సన్నటి కన్నులోంచి ఏ పిల్ల చేప తప్పించుకుంటుంది? వానాకాలంలో పొలాల్లోకి ఎక్కిన చేప పిల్లలు తిరిగి నదికి పోయే దారిలో గట్ల గండ్ల దగ్గర వెదురు బుట్టలు, మావులు పెట్టి మొత్తం ఊడ్చేస్తున్నారు. ఎండాకాలంలో మడుగుల్లో నీళ్లు తగ్గితే విషపు ఆకులు, కాయల రసం కలుపుతున్నారు. పెద్దా చిన్నా తేడా లేకుండా అన్నీ తేలిపోతాయి.

అసలు కారణం ఎక్కడుంది? డే చెప్పిన సమాధానం బ్రిటిష్ సర్కారుకే ఇబ్బంది కలిగించేది. పాత రాజుల కాలంలో చాలా చోట్ల చేపల హక్కులు కౌలుకు ఇచ్చేవాళ్లు. నీళ్లకు ఓ యజమాని, వేటకు ఓ పద్ధతి ఉండేవి. కంపెనీ పాలన వచ్చాక పలుచోట్ల ఆ కౌళ్లు వదిలేసి, ఎవరైనా ఎలాగైనా పట్టుకోవచ్చని నదులు తెరిచేశారు. జనానికి మేలు చేశామనుకున్నారు. కానీ అందరి సొమ్ము కాస్తా ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. వృత్తిగా వేట చేసుకునే వాళ్లే ముందు నష్టపోయారని డే వాదన.

1873లో కలకత్తా నుంచి ఆయన రిపోర్టులు వచ్చాయి. నదుల చేపలపై ఒకటి, సముద్రపు చేపలపై ఒకటి. నదుల రిపోర్టులో అడిగింది స్థూలంగా ఇదీ: వల కన్నుకు కనీస సైజు పెట్టండి. పిల్లల్ని ఊడ్చేసే స్థిర బుట్టలు, కట్టలు ఆపండి. విషం కలపడం నిషేధించండి. ఆనకట్టల్లో చేప ఎక్కడానికి దారి వదలండి. గుడ్లు పెట్టే తల్లి చేపల్ని కాపాడండి.

సముద్రం సంగతి వేరు!

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. సముద్రంలో చేపలు తగ్గిపోతున్నాయని డే అనలేదు. అప్పటికి మరబోట్లు లేవు, ట్రాలర్లు లేవు. తెడ్డు, తెరచాప మీద వెళ్లే మత్స్యకారుడు సముద్రాన్ని ఖాళీ చేయలేడు. అక్కడ సమస్య ఉప్పు! బ్రిటిష్ వాళ్లు ఉప్పు మీద వేసిన పన్ను వల్ల పట్టిన చేపను ఉప్పులో వేసి నిల్వ చేసుకునే స్తోమత బెస్తవాళ్లకు లేకపోయింది. కుళ్లిపోయిందో, అగ్గువకు అమ్ముకున్నారో.. నష్టం వాళ్లదే. చేపలు ఎండబెట్టేందుకు ఉప్పుపై పన్ను తీసేయాలని ఆయన గట్టిగా చెప్పారు. తర్వాత మద్రాసు తీరంలో ప్రభుత్వ ఉప్పు చేపల యార్డులు వచ్చి చౌక ఉప్పు దొరకడానికి ఈ వాదన ఓ బలం.

ఫైల్ పక్కన పడేశారు

నదుల చట్టం మాత్రం కదల్లేదు. అభ్యంతరం చెప్పినవాళ్లు అందరూ చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల ప్రశ్నలో బరువుంది. పొలం గట్టు మీద బుట్ట పెట్టుకుని నాలుగు చేపలు తెచ్చుకునే కూలివాడిపై కేసు పెడతారా? వల కన్ను కొలుస్తానని ఊరికొచ్చిన పోలీసు మామూళ్లు అడగడా? కరవు కాలంలో పేదవాడి కంచంలోంచి చేప ముక్క లాగేస్తారా? ఇదీ వాళ్ల భయం. ఇవాళ పిల్లల్ని తింటే రేపు అదే పేదవాడికి చేప దొరకదన్నది డే జవాబు. ఇద్దరూ పేదవాడి పేరే చెప్పారు. పనులు ఆపుకున్న రోజుల్లో ఆ ఇంటికి తిండి ఎవరు పెట్టాలన్న మాట మాత్రం గాల్లోనే ఉండిపోయింది.

ఈలోగా ఎక్కడ చట్టం వచ్చిందో చూస్తే నవ్వొస్తుంది. 1879లో నీలగిరుల్లో జంతువులు, చేపల రక్షణకు ఓ చట్టం చేశారు. వేట బంద్ కాలం కూడా అందులో ఉంది. ఎందుకంటే అది దొరలు సరదాకు వేటాడే చోటు. 1889లో బెంగాల్‌లో ఇంకో చట్టం వచ్చింది. అది ప్రైవేటు చెరువుల యజమానుల హక్కు కాపాడటానికి. జాలరి బతికే నది వంతు ఇంకా రాలేదు.

పుస్తకమే ఆస్తి

డే 1877లో ఉద్యోగం నుంచి రిటైరై ఇంగ్లండ్ వెళ్లి చెల్టెన్‌హామ్‌లో స్థిరపడ్డారు. 1875 నుంచి 1878 మధ్య ఆయన పెద్ద గ్రంథం ది ఫిషెస్ ఆఫ్ ఇండియా విడతలుగా అచ్చయింది. దాదాపు 200 పేజీల బొమ్మల ప్లేట్లు అందులో ఉన్నాయి. ఇప్పటికీ మన దేశంలో చేపల మీద రీసెర్చ్ చేసేవాళ్లు ఆ పుస్తకం తిరగేయకుండా ముందుకెళ్లరు. 1883లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనలో భారత విభాగాన్ని ఆయనే చూసుకున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో చేపల విభాగం చూసే ఆల్బర్ట్ గుంథర్‌తో ఆయనకు పడేది కాదు. జీవితమంతా పోగేసిన చేపల నమూనాల్లో పెద్ద భాగం చివరికి సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియానికి అమ్ముడుపోయింది. 1885లో సీఐఈ బిరుదు వచ్చింది. 1889లో ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సిరీస్‌లో చేపలపై రెండు సంపుటాలు వచ్చాయి. 1400కి పైగా రకాల వివరాలు వాటిలో ఉన్నాయి. అదే ఏడాది జులై 10న క్యాన్సర్‌తో డే కన్నుమూశారు. వయసు 60.

8 ఏళ్ల తర్వాత చట్టం

1897లో ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ వచ్చింది. డే రిపోర్టు ఇచ్చిన 24 ఏళ్లకు, ఆయన పోయిన 8 ఏళ్లకు. డైనమైట్ పేల్చి చేపలు చంపినా, నీళ్లలో విషం కలిపినా రెండు నెలల వరకు జైలు లేదా 200 రూపాయల వరకు జరిమానా. స్థిర వలలు, అడ్డుకట్టలు, వల కన్ను సైజుపై రూల్స్ చేసే అధికారం స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చారు. ఏదైనా నీటి భాగంలో గరిష్ఠంగా రెండేళ్లు వేట పూర్తిగా ఆపే వీలూ కల్పించారు. డే అడిగిన జాబితాలో చాలావరకు ఇందులో కనిపిస్తుంది. వేట ఆగితే జాలరి ఇల్లు ఎలా గడవాలన్న ప్రశ్నకు మాత్రం అందులో ఒక్క లైన్ కూడా లేదు.

1907లో ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మద్రాసులో ప్రత్యేక మత్స్య విభాగం మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత మరబోట్లు, ట్రాలర్లు వచ్చాయి. డే భయం లేదన్న సముద్రంలోనే ఇప్పుడు వేట విరామం పెట్టాల్సి వచ్చింది. ఆయన కాలంలో ఎవరూ జవాబివ్వని ప్రశ్న కూడా ఇప్పుడు లెక్కల్లోకి ఎక్కింది. విరామ కాలానికి ఏపీలో మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే సాయం ఒకప్పుడు 10 వేల రూపాయలు, 2025లో 20 వేలు అయింది. రెండు నెలల ఇంటి ఖర్చుకు అది సరిపోతుందా లేదా అన్నది తీరంలో ఏటా వినిపించే చర్చే.

ఇక పులస? ఇప్పటికీ వరద నీటికి ఎదురీది ధవళేశ్వరం వైపు వస్తూనే ఉంది. దొరికేది తక్కువ, ధర మాత్రం వేలల్లో. ఆనకట్ట దగ్గర ఆగిన ఆ తల్లి చేపను పట్టాలా, వదలాలా? 150 ఏళ్ల కిందట ఫ్రాన్సిస్ డే ఫైల్లో రాసిన ప్రశ్న ఇదే. ప్రతి వానాకాలం గోదావరిలో వల వేసేవాళ్ల ముందు, మార్కెట్లో బేరమాడేవాళ్ల ముందు అది మళ్లీ వచ్చి నిలబడుతోంది.