దేహానికి అంకెలు వేసిన షెల్డన్

పాఠశాల ఆటస్థలంలో పిల్లలను వరుసగా నిలబెట్టినప్పుడు డ్రిల్లు మాస్టారి కంటికి మొదట తోచేది వారి ఆకారాలలోని భేదమే. ఒకడు వెదురుబద్దవలె సన్నగా ఉంటాడు. ఒకడు బొద్దుగా ఉంటాడు. ఇంకొకడు ఏ కసరత్తూ ఎరుగకుండానే భుజాలు విరిసి నిలుస్తాడు. ఈ భేదాలకు పేర్లు పెట్టాలన్న కోరిక చాల ప్రాచీనమైనది. పేర్లతో తృప్తిపడక అంకెలు వేసి, ఆ అంకెలు జన్మతో వచ్చి మరణంతోగాని పోవని వాదించినవాడు విలియం హెర్బర్ట్ షెల్డన్. నేడు ప్రతి వ్యాయామశాలలోను వినవచ్చే ఎండోమార్ఫ్, మీసోమార్ఫ్, ఎక్టోమార్ఫ్ అన్న మాటలు అతడు ప్రచారంలోకి తెచ్చినవే.

షెల్డన్ 1898లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, వార్విక్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి ప్రకృతి పరిశీలకుడు, పశుపోషకుడు. జంతువును చూచి దాని జాతిని, సత్తువను అంచనా కట్టే చూపు ఆ ఇంటిలోనే ఉన్నది. కుమారుడు అదే చూపును మనుష్యులపైకి మళ్ళించినాడు. చికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రంలో డాక్టరు పట్టం, 1933లో వైద్య పట్టం పొంది, ఐరోపాకు వెళ్ళి యూంగ్, ఫ్రాయిడ్, క్రెట్ష్మెర్ వంటి పెద్దలను కలుసుకొన్నాడు. వీరిలో జర్మన్ వైద్యుడు క్రెట్ష్మెర్ 1921లోనే దేహాకృతికి, మనస్సుకు సంబంధం కలదని గ్రంథం వ్రాసి ఉన్నాడు. షెల్డన్‌కు దారి అక్కడ దొరికింది.

స్వదేశానికి తిరిగివచ్చి హార్వర్డ్‌లో ఎస్. ఎస్. స్టీవెన్స్ సహకారంతో నాలుగు వేల మంది కళాశాల యువకుల ఛాయాచిత్రాలను పరిశీలించి, 1940లో తన మొదటి పెద్ద గ్రంథం వెలువరించినాడు. గర్భంలోని పిండానికి మూడు పొరలుంటవి: అంతస్త్వచం, మధ్యస్త్వచం, బహిస్త్వచం. మొదటిదాని నుండి జీర్ణాంగాలు, రెండవదాని నుండి ఎముకలు, కండరాలు, మూడవదాని నుండి చర్మము, నాడీమండలము ఏర్పడుతవి. ఈ మూడింటి పేర్లే గుండ్రదనానికి, కండపుష్టికి, సన్నదనానికి పెట్టి, ఒక్కొక్కదానికి ఒకటి మొదలు ఏడు వరకు అంకె వేసినాడు. ఏడు, ఒకటి, ఒకటి అయితే అతిస్థూలుడు. ఒకటి, ఏడు, ఒకటి అయితే భీమకాయుడు. ఒకటి, ఒకటి, ఏడు అయితే ఎముకలగూడు. లోకంలో అత్యధికులు మూడు, నాలుగుల మధ్యనే ఉంటారు. మనుష్యులు మూడు జాతులని షెల్డన్ ఎన్నడూ చెప్పలేదు. ప్రతి దేహంలోను మూడు పాళ్ళూ ఉన్నవనే చెప్పినాడు. అతని సిద్ధాంతంలో నిలువదగిన ఈ ఒక్క సంగతినే నేటి వ్యాయామ ప్రచారకులు మరచిపోవడం విచిత్రం.

అతడు అక్కడ ఆగినాడు కాడు. 1942లో ప్రకటించిన రెండవ గ్రంథంలో స్థూలుడు భోగప్రియుడనీ, కండగలవాడు సాహసి అనీ, సన్ననివాడు ఆలోచనాపరుడనీ నిర్ణయించినాడు. దేహానికి అంకె వేసినదీ, స్వభావానికి అంకె వేసినదీ ఒకే చేయి అయినప్పుడు రెండూ పొందికగా కుదరడంలో వింత ఏమున్నదని విమర్శకులు ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణకు సరియైన సమాధానం రాలేదు. 1949లో బోస్టన్ నగరంలోని 200 మంది దారితప్పిన బాలుర దేహాలను కొలిచి, నేరప్రవృత్తికి సైతం ఆకృతిలోనే మూలం వెదకినాడు.

ఛాయాచిత్రాల చరిత్ర మరింత బాధాకరమైనది. అనేక కళాశాలలలో విద్యార్థులను వివస్త్రలుగా నిలబెట్టి చిత్రాలు తీయించేవారు. నిలబడే తీరును పరీక్షించడానికని మాత్రమే వారిలో చాలమంది అనుకొన్నారు. 1950లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పగా పెద్ద అలజడి రేగి, అక్కడి చిత్రాలను తగులబెట్టినారు.

ఈ సిద్ధాంతానికి పెద్ద దెబ్బ ఆకలి నుండి వచ్చింది. 1944-45లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను, వారి సమ్మతిపైనే, ఆరు మాసాలు అర్ధాహారంపై ఉంచినాడు. వారి చిత్రాలను లాస్కర్ అనే మానవశాస్త్రజ్ఞుడు పరిశీలించి 1947లో ఫలితాలు ప్రకటించినాడు. మొదటి రెండు అంకెలు తగ్గినవి, మూడవది పెరిగింది. మారదన్నది మారింది.

షెల్డన్ వద్ద పనిచేసి, అభిప్రాయభేదం వల్ల విడిపోయిన బార్బరా హనీమన్ హీత్ ఈ లోపాన్ని దిద్దడానికి పూనుకొన్నది. 1967లో ఆమె, లిండ్సే కార్టర్ కలిసి ప్రకటించిన పద్ధతిలో ఎత్తు, బరువు, నాలుగు చోట్ల చర్మపు మడత మందం, మోచేతి, మోకాలి ఎముకల వెడల్పు, చేయి, పిక్కల చుట్టుకొలత అనే పది కొలతలతో అంకెలు వస్తవి. ఏడు అన్న హద్దు తొలగిపోయింది. ఆ అంకెలు ఈనాటి దేహాన్ని మాత్రమే తెలుపుతవి. ఆరు నెలలు కసరత్తు చేస్తే వేరే అంకెలు రావచ్చును. ఎముకల నిడివి మారదు గాని, కండ, కొవ్వు మారుతవి. 1960 రోము ఒలింపిక్ క్రీడాకారులను కొలిచిన టానర్ దూరపు పరుగువారు సన్ననివారనీ, గుండు విసరేవారు భారీకాయులనీ 1964లో చూపినాడు. ఏ ఆటకు ఏ దేహం అనుకూలమో ఇందువల్ల తెలుస్తుంది. సన్నని బాలునికి బరువులెత్తడం వ్యర్థమని మాత్రం ఇందులో ఎక్కడా లేదు. ఆకృతిని చూచి భోజనమూ, కసరత్తూ నిర్ణయించే పట్టికలకు గట్టి ఆధారం నేటికీ లేదు.

షెల్డన్‌కు మరొక వ్యసనం ఉండేది: పాత రాగి నాణెములు. అమెరికా తొలినాటి సెంట్లపై 1949లో వ్రాసిన గ్రంథంలో, నాణెపు స్థితికి ఒకటి మొదలు 70 వరకు అంకెలు వేసే పద్ధతి కల్పించినాడు. ఆ కొలబద్ద కొద్ది మార్పులతో నేటికీ నాణెముల వర్తకంలో చెల్లుతున్నది. 1977లో షెల్డన్ మరణించినాడు. అటుపిమ్మట అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీవారు తమ భాండారంలోని సెంట్లను పాత చిత్రాలతో సరిచూడగా, నూరుకు పైగా మేలైన నాణెములు మాయమై, వాటి స్థానంలో నాసివి చేరి ఉన్నవి. ఆ మార్పిడి చేసినవాడు షెల్డనే అని తేలింది. అప్పటికే చేతులు మారిపోయిన ఆ నాణెముల కొరకు 1990లలో వ్యాజ్యాలు నడిచినవి.