పంది వెనక నడిచిన మన కాజ స్వామి



ఈరోజు నారాయణ తీర్థుల వారి గురించి చదువుకుందాం. కూచిపూడిలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం ఆడటం చూసే ఉంటారు. ఆ తరంగాలు రాసింది ఈయనే. 17వ శతాబ్దం నాటి మాట. మంగళగిరి దగ్గర కాజ గ్రామం, తల్లావఝల వారి ఇల్లు. అత్తవారింటికని కృష్ణ దాటుతుంటే వరద ముంచుకొచ్చిందట. ఇక బతకననుకుని ఏటి మధ్యలోనే సన్యాసం పుచ్చుకున్నారు. బతికారు. సన్యాసం మాత్రం వదల్లేదు.

తర్వాత కడుపునొప్పి పట్టుకుంది. ఎంతకీ వదలని నొప్పి. దాంతోనే తిరుపతి వెళ్ళారు, అక్కణ్ణించి భాష తెలియని తంజావూరు సీమకు. నడుంనొప్పితో తెల్లారగట్ల లారీ ఎక్కి సైట్‌కు పోయేవాళ్ళకు ఆ ప్రయాణం ఎలాంటిదో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

కావేరి దగ్గర నడుక్కావేరి అనే ఊళ్ళో ఒక రాత్రి పడుకుంటే, పొద్దున లేవగానే మొదట ఏది కనబడితే దాని వెంట వెళ్ళమని కలలో వినబడింది. లేచి చూస్తే ఎదురుగా అడవిపంది! పొద్దున్నే పంది ఎదురైతే మనమైతే రాయి తీసుకుంటాం. ఆయన దాని వెనకే నడిచారు. అది భూపతిరాజపురంలో వేంకటేశ్వరుడి గుడి దగ్గర మాయమైంది, నొప్పీ పోయింది. ఆ ఊరికి వరహూరు అని పేరొచ్చింది. అక్కడే శ్రీకృష్ణ లీలా తరంగిణి రాశారు, 12 తరంగాలు.

అందరూ నొప్పి పోయిన భాగమే గొప్పగా చెప్తారు. నాకు దానికి ముందు భాగం ఎక్కువిష్టం. కడుపులో నొప్పి అలాగే ఉంది, దేవుడు కనబడలేదు, ముందున్నది పంది. అయినా ఆ పూటకు దొరికిన దాన్నే దయ అనుకున్నారు.

రేపు బంక్ దిగుతుంటే మీకు నడుం పట్టేసిందనుకోండి. మొదట కనబడ్డదానికి ఒక్క దణ్ణం పెట్టి చూడండి: పక్క మంచం తమ్ముడు పట్టి ఉంచిన బకెట్ నీళ్ళో, ఫోన్‌లో అమ్మ మిస్డ్‌కాలో. నొప్పి తగ్గుతుందని చెప్పను. ఆ పూట కాస్త తేలిగ్గా గడుస్తుంది.

అలాగని నొప్పి దాచుకోవద్దు. తీర్థుల వారూ ఊరికే కూర్చోలేదు కదా. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళ వైద్యం ఖర్చు యజమానే పెట్టుకోవాలని సింగపూర్‌లో నియమం. సూపర్‌వైజర్‌కు చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఆదివారం సెలవు దొరికితే సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికి వెళ్ళి రండి. 1855 నాటి గుడి. వరహూరులో ఉన్న ఆ వేంకటేశ్వరుడే ఇక్కడా ఉన్నాడు. వంగి మొక్కలేకపోతే నిలబడే దణ్ణం పెట్టుకోండి, స్వామి ఏమీ అనుకోడు.