గాలి లెక్కల మనిషి

సీఎస్‌ఈ చదువుతూ ఇంజిన్ గురించి రాయడమేంటని మెకానికల్ ఫ్రెండ్స్ నవ్వుతారని తెలుసు. నాకు బైక్ స్పార్క్ ప్లగ్ మార్చడం కూడా రాదు, ఒప్పుకుంటాను. అందుకే నాలాగే ఇంజిన్ గురించి పెద్దగా తెలియకుండా ఇంజిన్ కంపెనీలో అడుగుపెట్టిన ఒకాయన కథ ఎంచుకున్నాను. పేరు స్టాన్లీ హుకర్.

హుకర్ 1907 సెప్టెంబర్ 30న ఇంగ్లండ్‌లో, కెంట్ తీరంలోని షీర్‌నెస్‌లో పుట్టారు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో గణితం చదివారు. నీళ్లు, గాలి ఎలా ప్రవహిస్తాయో చెప్పే గణితం అంటే ఆయనకి ఇష్టం. 1935లో ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. కొన్నాళ్లు నౌకాదళ శాఖ పరిశోధన విభాగంలో పనిచేసి, 1938లో డెర్బీలోని రోల్స్ రాయిస్‌లో చేరారు.

అక్కడి పెద్ద ఎర్నెస్ట్ హైవ్స్ ఈ కొత్త మనిషిని చూసి, ఇంజినీర్‌గా నువ్వు అంతంత మాత్రమే కదా అన్న అర్థం వచ్చేలా ఒక మాట అన్నారు. హుకర్ దాన్ని మర్చిపోలేదు. చివర్లో తన ఆత్మకథకి ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు.

మొదట్లో ఫలానా పని చెయ్యి అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఊరికే కూర్చోలేక తిరుగుతూ, చూస్తూ, మెర్లిన్ ఇంజిన్ సూపర్‌చార్జర్ దగ్గర ఆగారు. స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధ విమానాల్ని నడిపింది ఈ మెర్లినే.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ పోయడం కష్టం కాదు. దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లోపలికి పంపడమే కష్టం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు తిరుగుళ్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. మన 1.2 లీటర్ల కారు ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరిగితే, 1500 సార్లు 1.2 లీటర్లు, అంటే 1800 లీటర్లు లోపలికి పోవాలి. కానీ ఫిల్టర్, మలుపులు, వాల్వులు అన్నీ అడ్డమే. నిజంగా 1530 లీటర్లే వెళ్లాయనుకుందాం. 1530ని 1800తో భాగిస్తే 85 శాతం. దీన్నే వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు. ఊపిరి ఎంత నిండుగా తీసుకుందో చెప్పే అంకె అన్నమాట. లీటర్ గాలి దాదాపు 1.2 గ్రాములు కాబట్టి, ఈ ఇంజిన్ నిమిషానికి సుమారు 1.8 కిలోల గాలి తీసుకుంటోంది.

మెర్లిన్ 27 లీటర్ల ఇంజిన్. గరిష్ఠ వేగం అదే 3000. అంటే నిమిషానికి 40,500 లీటర్ల చోటు నిండాలి. మన హాస్టల్ రూమ్‌లో ఉన్న గాలి మొత్తం ఒక్క నిమిషానికి చాలదు! పైగా 18,000 అడుగుల ఎత్తులో గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో దాదాపు సగమే. లీటర్లు అవే, గ్రాములు మాత్రం పడిపోతాయి. అందుకే గాలిని నొక్కి పంపడానికి సూపర్‌చార్జర్ కావాలి.

మెర్లిన్ సూపర్‌చార్జర్ ఇంజిన్ వెనక భాగంలో ఇరుక్కుని ఉండేది. గాలి లోపలికి వచ్చే గొట్టాన్ని చోటు కోసం బాగా నొక్కేశారు. తిరిగే ఇంపెల్లర్ దాకా రాకముందే గాలి తన పీడనాన్ని కొంత పోగొట్టుకునేది. హుకర్ టెస్టులు చేసి, ఎక్కడెక్కడ ఎంత పోతోందో లెక్క తేల్చారు. ఆ గొట్టాన్ని కొత్తగా డిజైన్ చేశారు. ఇంపెల్లర్‌నీ, దాని చుట్టూ ఉండే డిఫ్యూజర్‌నీ కూడా సరిచేశారు. అంతకుముందు సుమారు 16,000 అడుగుల దగ్గర వచ్చే గరిష్ఠ శక్తి, ఆ తర్వాత 19,000 అడుగుల పైన రావడం మొదలైంది. సిలిండర్లు పెంచలేదు. ఇంజిన్‌ని పెద్దది చెయ్యలేదు. గాలికి దారి ఇచ్చారంతే.

ఈ 3,000 అడుగులు ఎందుకంత ముఖ్యం? ఆకాశంలో పోరాటంలో పైన ఉన్నవాడిదే పైచేయి. 1941లో జర్మనీ ఫోకెవుల్ఫ్ 190 విమానాన్ని దింపాక అప్పటి స్పిట్‌ఫైర్లు దాని ముందు తేలిపోయాయి. పైలట్లు తిరిగి రాలేదు. దానికి జవాబుగా వచ్చింది రెండు అంచెల సూపర్‌చార్జర్ ఉన్న మెర్లిన్ 61. మొదటి అంచెలో నొక్కిన గాలిని రెండో అంచె మళ్లీ నొక్కుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది, అందుకే మధ్యలో చల్లబరిచే ఏర్పాటు చేశారు. 1942లో ఈ ఇంజిన్‌తో వచ్చిన స్పిట్‌ఫైర్, 30,000 అడుగుల ఎత్తులో పాతదానికంటే గంటకి దాదాపు 110 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్లేది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం 1941లో హుకర్ తన సహచరులతో కలిసి రాసిన రిపోర్ట్. ఏ ఎత్తులో ఇంజిన్ ఎంత గాలి తీసుకుంటుందో ముందే అంచనా వేసే పద్ధతి అందులో ఉంది. మెర్లిన్ కంప్రెషన్ రేషియో 6. అంటే పిస్టన్ పైకంటా వెళ్లినా సిలిండర్‌లో ఆరో వంతు చోటు మిగులుతుంది, అందులో పాత పొగ ఉంటుంది. ఆ పొగ కొత్త గాలి చోటు తినేస్తుంది. కాబట్టి లోపలికి వచ్చే గాలి పీడనంలోంచి పొగ పీడనంలో ఆరో వంతు తీసేసి, వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రతతో భాగించాలి. గాలి బరువు ఈ విలువని బట్టే మారుతుంది. పైకి వెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గి పొగ తేలిగ్గా పోతుంది కాబట్టి, లోపలి పీడనం, ఉష్ణోగ్రత మారకపోతే ఇంజిన్ పైనే ఇంకాస్త నిండుగా ఊపిరి తీసుకుంటుంది. వింతగా ఉంది కదా! కంప్యూటర్ లేని రోజుల్లో కాగితం మీద తేల్చిన విషయం ఇది.

తర్వాత హుకర్ జెట్ ఇంజిన్ల వైపు వెళ్లారు. 1949లో రోల్స్ రాయిస్ వదిలి బ్రిస్టల్ కంపెనీలో చేరారు. నిలువుగా లేచే హారియర్ విమానానికి పెగసస్ ఇంజిన్ అక్కడే ఆయన నాయకత్వంలో తయారైంది. 1971లో ఆర్‌బీ211 ఇంజిన్ ఖర్చుల వల్ల రోల్స్ రాయిస్ దివాలా తీస్తే, రిటైరై ఇంట్లో ఉన్న హుకర్‌ని మళ్లీ పిలిచారు. వెళ్లి ఆ ఇంజిన్‌ని గట్టెక్కించారు. 1974లో సర్ బిరుదు వచ్చింది. 1984 మే 24న కన్నుమూశారు.

ఇప్పటి చాలా కార్లలో ఒక చిన్న కంప్యూటర్ పీడనం, ఉష్ణోగ్రత, వేగం చదివి, ఒక టేబుల్‌లోంచి వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ తీసుకుని, గాలి ఎంతో లెక్కగట్టి, దానికి తగ్గ పెట్రోల్ వదులుతుంది. ఆ టేబుల్ మనం ఫస్ట్ ఇయర్‌లో రాసిన టూ డైమెన్షనల్ అర్రే లాంటిదే. అది తెలిశాక ఇంజిన్ నాకు పరాయిదిగా అనిపించడం మానేసింది.

మన నౌకాదళం కూడా 2016 వరకు సీ హారియర్లు నడిపింది. వాటిలో ఒకటి ఇప్పుడు విశాఖ ఆర్‌కే బీచ్ దగ్గర మ్యూజియంలో ఉంది. ఈసారి వెళ్తే సెల్ఫీ తర్వాత ఒక్క నిమిషం ఆగి, పైలట్ సీటుకి రెండు పక్కలా ఉన్న ఆ పెద్ద గాలి దారుల్ని చూడండి. అంతంత మాత్రం ఇంజినీర్ అనిపించుకున్న మనిషి జీవితమంతా ఆలోచించింది ఆ దారుల గురించే.