చందమామ వెనక లెక్కల మాస్టారు

చందమామకి మనకెప్పుడూ కనపడని వైపు ఒకటుంది కదా. 1959 అక్టోబరులో సోవియట్ నౌక లూనా-3 అటు వెళ్లి మొదటిసారి ఫొటోలు తీసింది. మసగ్గా వచ్చిన ఆ బొమ్మల్లో ఒక నల్లటి మచ్చ, దాని నడుమ తెల్లటి చుక్క. అదొక బిలం. అడుగున లావా నిండి గడ్డకట్టింది, అందుకే ఆ నలుపు. నడుమనున్న కొండ మాత్రం మునగలేదు. దానికి సియోల్కోవ్‌స్కీ అని పేరు పెట్టారు. రాకెట్ సమీకరణం పక్కన చదివి, పరీక్ష అవగానే మనం మర్చిపోయే పేరే!

కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ 1857లో రష్యాలో ఒక పల్లెటూళ్లో పుట్టాడు. పదేళ్లప్పుడు స్కార్లెట్ జ్వరం వచ్చి చెవుడు మిగిల్చింది. పాఠం వినపడక బడి ఆగిపోయింది. పదమూడేళ్లకి అమ్మ పోయింది. పదహారేళ్లకి నాన్న మాస్కో పంపించాడు గానీ, ఏ కాలేజీలోనూ చేరలేదు. లైబ్రరీలో మూడేళ్లు కూర్చుని లెక్కలు, ఫిజిక్స్ తనంతట తనే నేర్చుకున్నాడు. ఇంటి నుంచి వచ్చే డబ్బులు పుస్తకాలకీ రసాయనాలకీ పోతే, తిండి నల్ల రొట్టె. (ఇక మెస్ మీద నేను నోరెత్తను.)

తర్వాత పరీక్ష ప్యాసై బడిపంతులయ్యాడు. 1892 నుంచి కలూగా ఊళ్లో లెక్కలు చెప్పాడు. ఎదుటివాళ్ల మాట వినడానికి రేకు గొట్టాలు తనే చేసుకున్నాడు. 1902లో కొడుకు ఇగ్నాతీ ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటేడు, రైట్ సోదరుల విమానం ఇంకా నేల విడవకముందే, రాకెట్‌తో అంతరిక్షంలోకి ఎలా వెళ్లొచ్చో లెక్కగట్టిన ఆయన వ్యాసం అచ్చయింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1908లో ఓకా నది పొంగి ఇంట్లోకొచ్చి కాగితాలు పాడుచేసింది. అయినా రాయడం మానలేదు. 1935లో పోయేనాటికి ఆయన ఒక్క రాకెట్ కూడా ఎగరేయలేదు.

ఆ బిలం వెడల్పు దాదాపు 185 కిలోమీటర్లు. పడమరన ఫెర్మి అనే పాత, అరిగిపోయిన బిలాన్ని ఆనుకుని ఉంటుంది. అవతలి వైపు చంద్రుడి పైపొర మందం, లావా పైకి రావడం అరుదు. అందుకే జియాలజిస్టు హారిసన్ ష్మిట్ అపోలో-17 అక్కడే దిగాలని గట్టిగా వాదించాడు. కానీ అక్కడికి భూమి నుంచి రేడియో మాట వినపడదు, మధ్యలో రిలే ఉపగ్రహాలు పెట్టాలి. నాసా ఒప్పుకోలేదు. 1972లో ష్మిట్ ఇవతలి వైపే దిగాడు. మాస్టారి బిలంలో ఇప్పటిదాకా ఎవరూ అడుగుపెట్టలేదు.